రుషికొండలో బోర్డు ఎక్కిన వారాంతం

విశాఖలో పుట్టి పెరిగినా నాకు చాలాకాలం సముద్రమంటే సాయంత్రం షికారే. బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చుని ముంత మసాలా తినడం, మోకాళ్ళ దాకా తడుపుకోవడం, ఎప్పుడైనా పుణ్యస్నానం. అంతకు మించి ఒక అడుగు లోపలికి వేస్తే ఒడ్డు నుంచి అమ్మ కేక వినిపించేది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆర్కే బీచ్‌లోనో యారాడలోనో సెలవురోజున స్నానానికి దిగిన కుర్రాళ్ళు కొట్టుకుపోయారన్న వార్తలు మేం చదువుతూనే పెరిగాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీదే తీరం దాటినప్పుడు ఇదే సముద్రం ఏం చేయగలదో కళ్ళారా చూశాం. అందుకే భయపడేవాళ్ళను నేను తప్పుపట్టను. నా బాధల్లా ఒకటే. సముద్రానికి భయపడమని చెప్పారు గానీ, నీళ్ళను ఎలా చూడాలో మాకెవరూ నేర్పలేదు. సంక్రాంతి తర్వాత ఒక వారాంతం మా రుషికొండ బీచ్‌లో సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి కెరటంతో పాటు ఒడ్డుకు రావడం, నేర్చుకోవడానికి వెళ్ళాక నాకు అది కొంచెం తెలిసింది.

నిజానికి మొదట అనుకున్నది మంచు. హైదరాబాదులో డిగ్రీ చదువుతున్న మా అన్నయ్య కూతురు పండక్కి వస్తూనే "అత్తా, ఔలీ వెళ్దాం, స్నోబోర్డింగ్ నేర్చుకుందాం" అంది. విశాఖ నుంచి ఉత్తరాఖండ్ కొండల దాకా వెళ్ళి రావాలంటే దారిలోనే సెలవులన్నీ అయిపోతాయి. నాకు బ్యాంకులో అన్ని సెలవులు దొరకవు. స్నోబోర్డింగ్ గురించి చదువుతుంటే ఒక సంగతి కనిపించింది. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన కూతుళ్ళ ఆట కోసం మంచు మీద జారే సన్నటి పలకలు, అంటే స్కీలు, రెండింటిని పక్కపక్కన బిగించి, వాటి మీద నిలబడి జారేలా చేశాడట. ఇప్పటి స్నోబోర్డు దాన్నుంచి పెరిగిందే. సర్ఫర్లు అల మీద చేసేది ఆ పిల్లలు మంచు మీద చేశారన్నమాట. అసలు ఆట పుట్టింది సముద్రంలో అయితే, ఇంటి ముందు సముద్రాన్ని పెట్టుకుని మేం మంచు కోసం అంత దూరం ఎందుకు వెళ్ళడం? మా పిల్లకు ఈ మాట నచ్చింది. అమ్మకు మాత్రం నచ్చలేదు. "పండగ పూట పిల్లని సముద్రంలోకి దింపుతావేటే?" అంది. ఇద్దరికీ ఈత వచ్చని, పక్కన నేర్పేవాళ్ళు ఉంటారని, లోతుకు వెళ్ళబోమని చెప్పి ఒప్పించాను.

ఈత వచ్చన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. నేను ఈత నేర్చుకున్నది పెళ్ళయ్యాక, బీచ్ రోడ్డులోని నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పూల్‌లో. అది రాకపోతే ఈ పని తలపెట్టేదాన్నే కాదు. ఈత రానివాళ్ళకు కూడా నేర్పుతామని చెప్పేచోట్లు ఉంటాయి. నడుము లోతు నీళ్ళలోనే కదా అంటారు. నా మాట వింటే ముందు పూల్‌లో కొన్ని నెలలు గడపండి. నడుము లోతు నీళ్ళలో కూడా ఒక కెరటం పడేస్తే కాసేపు పైకీ కిందికీ తేడా తెలియదు. ఆ సమయంలో మనిషి కంగారు పడకుండా ఉండాలంటే తల నీళ్ళలో మునగడం అలవాటై ఉండాలి.

కాలం విషయంలో మాకు కలిసొచ్చింది. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో రేగిన గాలులు పుట్టించిన పొడవాటి అలలు ఎండాకాలం చివర మొదలై వర్షాకాలమంతా మన తీరానికి బలంగా వస్తాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. డిసెంబరు దాటాక సముద్రం మెత్తబడుతుంది. అలలు చిన్నవి, కొత్తవాళ్ళకు అదే కావాలి. పైగా చలికాలం పొద్దున్నే గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఆ గాలికి అల ముందువైపు నున్నగా నిలబడి, నెమ్మదిగా విరుగుతుంది. పది దాటాక గాలి తిరగబడి సముద్రం నుంచి వీస్తే అదే నీళ్ళు చిందరవందరగా తయారవుతాయి. అందుకే కోచ్ మమ్మల్ని సూర్యోదయానికి రమ్మన్నాడు. జనవరిలో మాకు సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో పైకొస్తాడు. ఎమ్వీపీ కాలనీ నుంచి స్కూటీ మీద కైలాసగిరి కింద నుంచి, తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ దాటి రుషికొండ చేరేసరికి ఇంకా చీకటి విడలేదు. స్వెట్టరులో కూడా వణుకుతున్నాం. నీళ్ళలో అడుగు పెడితే మాత్రం వెచ్చగా ఉంది. బంగాళాఖాతం మా దగ్గర జనవరిలో కూడా ఇరవై అయిదు డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. చలిదేశాల్లో వేసుకునే మందపాటి రబ్బరు సూట్లు అక్కర్లేదు. చర్మం ఒరుసుకోకుండా ఒంటికి అతుక్కునే పొడవు చేతుల చొక్కా, లెగ్గింగ్స్ చాలు.

మా కోచ్ జోడుగుళ్ళపాలెం జాలరి కుటుంబం కుర్రాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. బోర్డులు ఇసుకలో పెట్టి ఉన్నాయి, మా పిల్ల ఒకదాన్ని ఎత్తబోయింది. అతను ఆపాడు. "బోర్డు తర్వాత, మేడమ్. ముందు ఓ పావుగంట ఇక్కడ కూకోండి. ఏటీ సెయ్యకండి. నీళ్ళను సూడండి."

కూర్చున్నాం. చూడటానికి ఏముందిలే అనిపించింది మొదట. కాసేపటికి అతను అడగడం మొదలుపెట్టాడు. పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి ఎన్ని వచ్చాయి? ఆ తర్వాత ఎంతసేపు సముద్రం ఊరుకుంది? మొదటి నురుగు ఎక్కడ లేస్తోంది, ఎప్పుడూ అక్కడేనా? అప్పుడు నాకు కనిపించింది. కెరటాలు ఒకే తీరున రావు, గుంపులుగా వస్తాయి. కొన్ని పెద్దవి వరసగా వచ్చి, తర్వాత కాసేపు తెరిపి. దూరంలో పుట్టిన అలలు కొంచెం కొంచెం తేడా ఉన్న పొడవులతో కలిసి ప్రయాణిస్తూ ఒకచోట ఒకదానికొకటి తోడై పెరుగుతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. ఈ కారణం నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. అతనికి ఆ సంగతి ఇంట్లోనే తెలుసు. ఇప్పుడు ఫైబర్ బోట్లు, ఇంజన్లు వచ్చాయి గానీ, వాళ్ళ తాత రోజుల్లో దుంగలను తాళ్ళతో కట్టిన తెప్ప మీదే వేటకు వెళ్ళేవాళ్ళు. ఆ తెప్పను ఒడ్డున విరిగే కెరటాలు దాటించడానికి పెద్ద గుంపు పోయేదాకా ఆగి, తెరిపి దొరగ్గానే తోసేవాళ్ళట. "తొందరపడినోడి తెప్ప తిరగబడేది" అన్నాడు. సర్ఫింగ్ బయటి దేశాల ఆట అని నేను అనుకుంటూ ఉండేదాన్ని. పెద జాలరిపేటలోనూ భీమిలిలోనూ ఎన్నో తరాలుగా కెరటం మీద నిలబడి ఒడ్డుకు వచ్చినవాళ్ళు ఉన్నారని, వాళ్ళ మనవళ్ళే ఇప్పుడు మాకు నేర్పుతున్నారని ఆ పొద్దున అర్థమైంది. దాన్ని వాళ్ళ విద్యగా మా ఊరు గుర్తించి గౌరవించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తర్వాత బోర్డు. కొత్తవాళ్ళకు ఇచ్చేది పైన మెత్తటి ఫోమ్ ఉన్న, ఎనిమిది తొమ్మిది అడుగుల వెడల్పాటి బోర్డు. తగిలినా పెద్ద దెబ్బ తగలదు, నీళ్ళ మీద బాగా తేలుతుంది. వెనక చివర కింద ఫిన్స్ ఉంటాయి, బోర్డు పక్కకు జారిపోకుండా అవే పట్టుకుంటాయి. బోర్డు నుంచి వచ్చే తాడును, అంటే లీష్‌ను, వెనక ఉండబోయే కాలి చీలమండకు కట్టుకోవాలి. ఏ కాలు వెనక? అతను మా పిల్ల వెనక నిలబడి చెప్పకుండా భుజం మీద చిన్నగా తోశాడు. ఆమె పడకుండా నిలదొక్కుకోవడానికి కుడికాలు ముందుకు వేసింది. ఆ కాలు ముందు పెట్టి నిలబడితే దాన్ని గూఫీ అంటారు. నాది ఎడమ కాలు, రెగ్యులర్. రెండింట్లో ఏదీ తప్పు కాదు.

ఇసుక మీద బోర్డు ఆకారం గీసి దాని మీద బోర్లా పడుకుని పైకి లేవడం సాధన చేయించాడు. అరచేతులు ఛాతీ పక్కన ఆన్చి, ఒంటిని పైకి నెట్టి, ఒక్క ఊపులో రెండు పాదాలూ ఒంటి కిందికి తెచ్చుకోవాలి. దీన్ని పాప్-అప్ అంటారు. ముందు మోకాళ్ళ మీద లేచి తర్వాత నిలబడదాం అని శరీరం అడుగుతుంది. అలా చేస్తే నీళ్ళలో లేచేలోపే అల వెళ్ళిపోతుందని అతను ఒప్పుకోలేదు. నిలబడ్డాక మోకాళ్ళు వంచాలి, నడుము కాదు. చూపు పాదాల మీద కాదు, ఒడ్డు మీద ఉండాలి. చూపు ఎటుంటే బరువు అటే పోతుంది. ఇసుక మీదే చెమటలు పట్టాయి. నాకు నలభై దగ్గరపడుతోంది, మా పిల్లలా ఒక్క ఊపులో లేవలేకపోయాను. పాదాలు రెండు అంచెల్లో తెచ్చుకునే పద్ధతి ఇంకొకటి నేర్పాడు. వెనక కాలు ముందు ఆనించి, ఆ తర్వాత ముందు కాలు చేతుల మధ్యకు తేవడం. నా ఈడు వాళ్ళకు అదే తేలిక. అడిగి నేర్పించుకోండి.

పడటం కూడా నేర్పాలని నాకు తెలియదు. కింద ఇసుక ఎంత లోతులో ఉందో పైనుంచి తెలియదు కాబట్టి తల ముందుగా ఎప్పుడూ దూకకూడదు. వెల్లకిలా గానీ పక్కకు గానీ వెడల్పుగా పడాలి. పైకి వచ్చేటప్పుడు చేతులతో తల కప్పుకుని రావాలి, ఎందుకంటే లీష్ సాగి బోర్డు వెనక్కి ఎగిరి వస్తుంది. లోపలికి నడిచేటప్పుడు బోర్డు మన పక్కన ఉండాలి, దాని ముందు కొన కెరటం వైపు తిరిగి ఉండాలి. మనకూ కెరటానికీ మధ్య బోర్డు అడ్డంగా ఉంటే ఆ నీళ్ళ బరువంతా బోర్డుతో సహా మన మీదే పడుతుంది. ఈ ఒక్క జాగ్రత్త కోచ్ విసుగు లేకుండా పొద్దంతా చెప్తూనే ఉన్నాడు.

నీళ్ళలో మొదట నిలబడే ప్రయత్నమే లేదు. నడుము లోతులో బోర్డు మీద బోర్లా పడుకుంటే, విరిగిన కెరటం నురుగు వచ్చే సమయానికి అతను బోర్డును కొంచెం నెట్టేవాడు. ఆ నురుగు వెనక నుంచి తగిలిన క్షణం నాకు ఇప్పటికీ ఒంట్లో ఉంది. చిన్నప్పుడు ఉయ్యాల్లో కూర్చుంటే పెద్దవాళ్ళు వెనక నుంచి నెట్టిన మొదటి తోపు ఎలా ఉంటుందో అలా. బోర్డు ఒక్కసారి తేలికై, ఇసుక దాకా చప్పుడు చేస్తూ పరుగెత్తింది. అంతవరకు సముద్రం లోపలికి లాగుతుందనే తెలుసు. ఇలా జాగ్రత్తగా తెచ్చి ఒడ్డున దింపుతుందని తెలియదు.

ఇందులో ఒక సంగతి ఉంది. లోతులో అల వస్తున్నప్పుడు నీళ్ళు మన వైపు రావు. నీళ్ళు ఉన్నచోటే గుండ్రంగా కదులుతాయి, ముందుకు వచ్చేది ఆ శక్తి మాత్రమే. అందుకే అల విరగక ముందు అందులో తేలుతుంటే పైకి లేచి కిందికి దిగుతామంతే. తీరం దగ్గర నేల తగలడంతో అల అడుగు నెమ్మదించి, పైభాగం ఎత్తు పెరిగి, ముందుకు ఒరిగి విరుగుతుంది. మూడడుగుల కెరటం సుమారు నాలుగడుగుల లోతులో విరుగుతుంది. విరిగాక మాత్రం నీళ్ళు నిజంగానే ఒడ్డుకు పరుగెత్తుతాయి. కొత్తవాళ్ళను నురుగులోనే నేర్పేది అందుకే. తోసే బలం ఉంటుంది, లోతు ఉండదు. ఇంకో లాభం, కెరటం ఎక్కడ విరుగుతోందో చూస్తే అక్కడ లోతెంతో ఒడ్డున కూర్చునే చెప్పొచ్చు.

మొదటి రోజు మోకాళ్ళ దాకా లేచాం, పడ్డాం. ముక్కులోకి, గొంతులోకి ఉప్పునీళ్ళు పోయాయి. ఇంటికెళ్ళి వేడి నీళ్ళు పోసుకుని పడుకుంటే కళ్ళు మూసినా మంచం కెరటాల మీద ఊగుతున్నట్టే ఉంది. పక్కటెముకలు, భుజాల వెనక కండరాలు పొద్దున్నే లేవనివ్వలేదు. అమ్మ జండూబామ్ రాస్తూ ఇంక చాలంది. మా పిల్ల అప్పటికే తడి బట్టలు ఎక్కడ ఆరేశావని అడుగుతోంది.

రెండో రోజు పొద్దున కోచ్ మమ్మల్ని ఇసుక దిబ్బ మీదికి తీసుకెళ్ళి, "సూడండి మేడమ్, స్నానానికైతే ఎక్కడ దిగుతారు?" అని అడిగాడు. మా పిల్ల చూపించిన చోట నీళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి. రెండు పక్కలా కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో మాత్రం నురుగు లేదు, రంగు కొంచెం ముదురు. నేనైనా అదే చూపించేదాన్ని. అతను తల అడ్డంగా ఊపాడు. మనుషులు పోయేది అక్కడే అన్నాడు.

రిప్ కరెంట్ అంటే అదే. కెరటాలు మోసుకొచ్చి ఒడ్డున పోసిన నీళ్ళు మళ్ళీ వెనక్కి పోవాలి కదా. నీటి కింద ఇసుక గట్ల మధ్య ఎక్కడ సందు ఉంటే అక్కడ కాలవ కట్టి లోపలికి పోతాయి. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి కెరటం విరగదు. విరగదు కాబట్టి ప్రశాంతంగా కనిపిస్తుంది. ప్రశాంతంగా ఉందని ఈత రాని కుర్రాళ్ళు ఏరికోరి అక్కడే దిగుతారు. బలమైన రిప్ సెకనుకు దాదాపు రెండున్నర మీటర్ల దాకా పోగలదు. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీది నెగ్గలేడు. అయితే అది కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుందంతే, కెరటాలు విరిగే వరస దాటాక బలం తగ్గిపోతుంది. ప్రాణాలు పోయేది ఒడ్డుకేసి ఎదురీదీ ఎదురీదీ అలిసిపోవడం వల్ల. ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే కాలవలోంచి బయటపడొచ్చు, తర్వాత కెరటాలే ఒడ్డుకు తెస్తాయి. పక్కకు కూడా ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి సాయం పిలవాలి. చేతిలో బోర్డు ఉంటే దాన్ని వదలకూడదు, దాని మీద పడుకుని ఉండాలి.

ఇది పది నిమిషాల పాఠం. విశాఖలో ఇన్నేళ్ళు బతికి, బడిలో అలల గురించి పరీక్ష రాసి, ఆ పది నిమిషాలు నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. తీరం వెంట ఉన్న ప్రతి బడీ ఎనిమిదో తరగతి పిల్లలను ఒక్క పొద్దున బీచ్‌కు తెచ్చి, నురుగు లేని చోటు చూపించి ఇది చెప్పాలి. ఖర్చేమీ లేదు. చెప్పగలిగినవాళ్ళు జాలరిపేటల్లో ఎంతమందైనా ఉన్నారు. 2020లో రుషికొండకు, శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. శుభ్రమైన నీళ్ళు, లైఫ్‌గార్డులు, అన్నీ మంచివే. జెండాలు, ఈల వేసే మనిషి ఉన్నచోట ఆ మాట వినాలి కూడా. కానీ ఈల వేసేవాళ్ళు లేని తీరం మనకు చాలా ఉంది.

ఆ తర్వాత నీళ్ళలోకి దిగాం. ఆ పొద్దున నీళ్ళు మమ్మల్ని మెల్లగా సాగర్‌నగర్ వైపు జరుపుతూ ఉన్నాయి. కెరటాల మధ్య ఉన్నప్పుడు ఆ సంగతి తెలియదు. అందుకే కొండ మీద ఒక గుర్తు, దాని ముందు ఒడ్డున ఒక కొబ్బరిచెట్టు చూపించి, రెండూ ఒకే గీతలో ఉండేలా చూసుకోమన్నాడు. చెట్టు పక్కకు జరిగిందంటే మనం జరిగినట్టు. వేటకు వెళ్ళేవాళ్ళు కూడా కొండల గుర్తులతోనే చోటు పోల్చుకుంటారని చెప్పాడు.

మా పిల్ల ముందు నిలబడింది. నేను నడుము లోతులో ఉండి చూశాను, ఎంత గట్టిగా అరిచానో ఒడ్డున నడుస్తున్నవాళ్ళు ఆగి చూశారు. నా వంతు వచ్చేసరికి పొద్దెక్కింది. నురుగు తగిలింది, చేతులు నెట్టాను, వెనక పాదం ఆనింది, ముందు పాదం చేతుల మధ్యకు వచ్చింది. తల ఎత్తి రుషికొండ కొండను చూశాను. నిలబడే ఉన్నాను. కాళ్ళ కింద బోర్డు వణుకుతోంది, పక్కన నురుగు పరుగెడుతోంది, కొండ దగ్గరవుతోంది. బోర్డు ఫిన్స్ ఇసుకను తాకి ఆగేదాకా నిలబడే ఉన్నాను. దిగి అక్కడే నీళ్ళలో కూర్చుండిపోయాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సంతోషం దేనితోనూ పోల్చలేను. ఇంత పెద్ద నీళ్ళ పక్కన పుట్టి, వాటితో కలిసి కదలడం ఇదే మొదటిసారి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. నేర్పేవాళ్ళకు ప్రాణరక్షణ శిక్షణ ఉందా, ఒక్కొక్కరు ఎంతమందిని చూసుకుంటారు అన్నది ధర కంటే ముందు అడగండి. ఆస్తమా, గుండె సమస్య, భుజం జారిన అలవాటు ఉంటే దాచకండి. సన్‌స్క్రీన్ చెవుల మీద, మెడ వెనక కూడా రాసుకోండి, చలికాలం ఎండ కదా అనుకుంటే నీళ్ళ మీద ఎదురుకొట్టే వెలుగు కాల్చేస్తుంది. జుట్టు గట్టిగా జడ వేసుకోండి. ముందురోజు హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచన చూడండి. అందులో అల ఎత్తుతో పాటు రెండు అలల మధ్య వ్యవధి కూడా ఇస్తారు. ఎత్తు ఒకటే అయినా, ఎనిమిది సెకన్లకు వచ్చే అల కన్నా పధ్నాలుగు సెకన్లకు వచ్చే అలలో బలం చాలా ఎక్కువ. హెచ్చరిక ఉన్న రోజు ఇంట్లో ఉండండి.

మా పిల్ల హైదరాబాదు వెళ్ళిపోయింది. ఎండాకాలం సెలవులకు వస్తానంది గానీ అప్పటికి పెద్ద అలలు మొదలవుతాయి, ఏ రోజు దిగొచ్చో కోచ్‌నే అడగాలి. నేను శనివారాలు వెళ్తున్నాను. ఇంకా నురుగులోనే ఉన్నాను. విరగని కెరటాన్ని చేతులతో పాడ్లింగ్ చేసి నేనే పట్టుకోవాలంటే ఆ వరస దాటి లోపలికి వెళ్ళాలి. పౌర్ణమికి అటూ ఇటూ పోటు ఎక్కువ, ఒడ్డు వాలు మీద కెరటం ఒక్కసారిగా పడుతుంది, అది తగ్గాక లాసన్స్ బే దగ్గరికి తీసుకెళ్తానన్నాడు కోచ్. అక్కడ కెరటం మెల్లగా విరుగుతుందట. ఈసారి అమ్మ కూడా వస్తానంది.